కాల్ ముగిసినా తగ్గని మెమరీ

“పదో రోజు మధ్యాహ్నం మూడింటికి సరిహద్దు అవతల దాక్కున్న మన మనిషి ఫోన్ చేస్తాడు. అతనికున్నది ఈ ఒక్క కాలింగ్ యాప్. శత్రువులు అందులో చెవి పెట్టారు. దాన్ని పట్టుకో. యాప్ మాత్రం ఆగకూడదు,” అన్నాడు చీఫ్.

ఆ మాటలు విన్న ఏజెంట్‌ని గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో నత్త అంటారు. ఏ పనైనా మూడుసార్లు సరిచూసుకునే మనిషి. అంటించిన గడ్డంతో, టెస్టర్ వేషంలో ఆ యాప్ కంపెనీలో చేరాడు.

మొదటి రోజే ఆచూకీ దొరికింది. కాల్ ముగిశాక ఫోన్ మెమరీలోంచి మాటలు చెరిగిపోవాలి. చెరగడం లేదు. కాల్‌కి పన్నెండు ఎంబీ చొప్పున పెరుగుతూనే ఉంది. వాటిని పట్టుకుని వదలనిది ఏదో తేలాలంటే ఆ క్షణంలో మెమరీలో ఏమేం ఉన్నాయో చూపే స్నాప్‌షాట్ తీయాలి. తీసిన ప్రతిసారీ ఆ పని చేసే టూల్ తొంభై శాతం దగ్గర చతికిలబడేది. ఫోన్ పెనంలా కాలేది. గడ్డం కింద దురద ప్రాణం తీసేది. తొమ్మిది రోజులు ఇదే వరస.

వీటన్నిటికీ తోడు టీమ్ లీడ్. ఆవిడ నడిచొస్తుంటే ఆఫీసంతా తలలు తిప్పేది. నత్త రిపోర్టు పెట్టిన ప్రతిసారీ చిరునవ్వుతో కొట్టేసేది. శత్రువుల మనిషి ఈవిడేనని అతను తేల్చుకున్నాడు.

పదో రోజు రెండుంపావుకి ఆవిడే అతని డెస్క్ దగ్గరికి వచ్చింది.

“కాల్ అయ్యాక యాప్‌లో వాల్‌పేపర్ మార్చి చూశారా?”

వెక్కిరిస్తోందనుకుని నత్తకి ఒళ్లు మండింది. అయినా వేరే దారి లేక కాల్ చేసి, ముగించి, వాల్‌పేపర్ మార్చి స్నాప్‌షాట్ తీశాడు. పాత బొమ్మ పోయి మెమరీ కాస్త తేలికపడిందేమో, ఈసారి టూల్ చివరిదాకా వెళ్లింది. వాల్‌పేపర్ స్క్రీన్ గుప్పిట్లో రెండు వేల మాటల ముక్కలు. ఎవరో బొమ్మల వెనక దాచి, మెల్లగా బయటికి పంపుతున్నారు.

టైమ్ రెండూ యాభై ఆరు.

“ఆ వాల్‌పేపర్ స్క్రీన్ ఆపెయ్యండి,” అందావిడ గొంతు తగ్గించి. “నేను ఆపితే వాళ్లు నన్ను బతకనివ్వరు. టెస్టర్ ఆపితే ఏదో మామూలు బగ్ వల్లేననుకుంటారు.”

నమ్మాలో వద్దో తేల్చుకునే వ్యవధి లేదు. నత్త కంట్రోల్ ప్యానెల్ తెరిచాడు. పేజీ గిర్రున తిరుగుతూ కూర్చుంది. అతను పళ్లు కొరుక్కున్నాడు. మూడింటికి పది సెకన్లుందనగా స్విచ్ కనిపించింది. జీవితంలో మొదటిసారి సరిచూసుకోకుండా నొక్కాడు. వాల్‌పేపర్ స్క్రీన్ మూతపడింది. సరిగ్గా మూడింటికి సరిహద్దు అవతలి మనిషి కాల్ వెళ్లింది. ఒక్క ముక్క కూడా మెమరీలో మిగల్లేదు.

మెట్ల దగ్గరికి వెళ్లి చీఫ్‌కి ఫోన్ చేశాడు. ఆవిడ రెండేళ్లుగా శత్రువుల్లో ఉన్న మన మనిషేనని చీఫ్ తాపీగా చెప్పాడు.

“ముందే చెప్పొచ్చుగా సార్.”

“చెబితే నీ మొహంలో ఆ చిరాకు అంత సహజంగా ఉండేది కాదు.”

నత్త సీటు దగ్గరికి తిరిగొచ్చేసరికి వాల్‌పేపర్ మారడం లేదంటూ నాలుగు వందల ఫిర్యాదులు వచ్చిపడ్డాయి. ఒక్కోదానికీ మర్యాదగా జవాబు రాయడం టెస్టర్ డ్యూటీయేనట.