రెండో చెయ్యి

మన ముత్తాతల కాలంలో ఇంటికో స్కూటరు ఉన్నట్టు, మదనపల్లెలో ఇప్పుడు ఇంటికో చిన్న విమానం ఉంది. విడిభాగాలు తెచ్చుకుని, పెరట్లో షెడ్డు వేసుకుని, ఎవరిది వాళ్ళే బిగించుకుంటారు. ఇంతమంది బిగించినా కూలిపోయేవి చాలా తక్కువ. ఆ పుణ్యం డాక్టర్ లాస్యది.

పాతరోజుల్లో బోల్టు తలకు రంధ్రం పెట్టి, సన్నని తీగ దూర్చి, మెలితిప్పి పక్క బోల్టుకు కట్టేవారు. ఇంజను అదురుకు ఒకటి వదులవబోతే తీగ పట్టి ఆపేది. తీగ కట్టడం మరిచినవాడి సంగతి దేవుడెరుగు. లాస్య ఆ తీగకు సెలవిచ్చి ఎరుకనట్టును తయారుచేసింది. దాని లోపల ఒక స్పర్శపొర, ఆవగింజంత చిప్పు ఉంటాయి. తాను ఎంత బిగువుగా ఉన్నదీ నట్టుకే తెలుస్తుంది. నట్లన్నీ తమ మాట పెద్దనట్టుకు చెబుతాయి. పెద్దనట్టంటే పైలట్ ముందుండే కంప్యూటరు. అన్నీ ‘బిగువే’ అంటే తప్ప అది ఇంజను అంటుకోనివ్వదు.

ఆ ఉదయం లాస్య అక్క జశ్విత తన ఇంటికి తాళం వేసి, లాగి చూసి, గేటు దాకా వచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళి లాగింది. జశ్విత అనే పేరు అమ్మమ్మల కాలానిదైతే, అలవాటు అంతకంటే పాతది.

“ఆ తాళంలో కూడా నా నట్టే ఉండాదక్కా. వదులైతే అదే అరుస్తుంది,” అంది లాస్య.

“అరవనీలే. నేను చూసుకుంటేనే నాకు నిమ్మళం.”

షెడ్డు దగ్గర జశ్విత భర్త నిహాల్ పెళ్ళికొడుకులా నిలబడి ఉన్నాడు. పశువుల డాక్టరుగా రిటైరైనప్పటి నుంచీ ఈ విమానమే అతని లోకం. అందులో రెండో సీటు పెట్టింది జశ్విత కోసమే. ఆమెకేమో నిచ్చెన ఎక్కినా కళ్ళు తిరుగుతాయి. ఎన్నాళ్ళో బతిమాలించుకుని, చివరికి ఒక షరతు పెట్టింది. మొదటిసారి లేపే రోజున అన్ని నట్లూ సరేనంటే ఎక్కుతుంది. ఒక్కటి కాదన్నా ఇక జన్మలో ఎక్కదు.

నిహాల్ మీట నొక్కాడు. వరసగా బిగువే, బిగువే అని వినిపించింది. అంతలో పెద్దనట్టు ఆగింది.

“కుడి సీటు కింది నట్లు ఒప్పుకోవడం లేదు.”

కుడి సీటు జశ్వితదే. ఆమె మొహంలో రంగు పోయింది. “చూస్తిరా? నాకు రాసిపెట్టి లేదు,” అంటూ గాలికని తలకు కట్టుకున్న గుడ్డ విప్పసాగింది.

నిహాల్ సీటు కిందికి దూరి, రెంచితో ఒక్కో నట్టూ సరిచూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పెద్దనట్టు మాత్రం ససేమిరా అంది.

“నీ నట్లకు నా మీద ఏం కోపం లాస్యా? వాటికీ మరదలి బుద్ధులే వచ్చినట్టుండాయి,” అన్నాడు. జశ్విత అప్పటికే గుడ్డ మడిచి చంకలో పెట్టుకుంది.

లాస్య పెద్దనట్టు ముందు కూర్చుంది.

“ఆ నట్లకు బిగువు చాలిందా?”

“చాలింది.”

“మరి బిగువే అనవేం?”

“పని పూర్తి కాలేదు. రెండో చెయ్యి రాలేదు.”

లాస్య ఉలిక్కిపడింది. ఏ విమానం అదురు దానిదే కాబట్టి కొలత ఒక్కటే చాలదని, కట్టేవాళ్ళ చేతి అలవాటును చూసి నేర్చుకునే గుణం ఆ నట్లకు పెట్టింది తనే. చివరికి ఏ చెయ్యి పడితే పని ముగిసినట్టో అవే తెలుసుకుంటాయి.

“ఎవరిదా చెయ్యి?”

“గాజులున్న చెయ్యి. మొదటి చెయ్యి వెళ్ళిపోయాక వస్తుంది. పట్టుకుని లాగి చూస్తుంది. మిగతా నట్లన్నింటికీ వచ్చింది. వీటికి రాలేదు.”

నిహాల్ భార్య వైపు తిరిగాడు. ఆమె కొండ వైపు చూస్తోంది.

“నువ్వు స్నానానికి పోతానే వచ్చి చూసేదాన్ని. నీ సీటువైతే రెండుసార్లు,” అంది మెల్లగా.

“మరి నీ సీటువి?”

“అవి నువ్వు నాకోసం బిగించినవి. వాటిని చూసేదేముంది? నీకోసమైతే ఎట్లపడితే అట్ల బిగించుకుంటావు. నీ చొక్కా గుండీలు కూడా నేనే చూడల్లా.”

నిహాల్ రెంచిని తుడుస్తూ నిలబడ్డాడు. మనిషికి అనుమానం లేకుండా చేద్దామని నట్టును తయారుచేసిన లాస్యకు అక్క మీద పట్టరాని ప్రేమ పొంగుకొచ్చింది.

“వంగి ఒకసారి లాగక్కా. నీ చెయ్యి పడితే గానీ నమ్మవంట.”

జశ్విత వంగింది. గాజులు గలగలమన్నాయి.

“బిగువే,” అంది పెద్దనట్టు. ఇంజను అంటుకుంది.

జశ్విత తలకు మళ్ళీ గుడ్డ కట్టుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుని, భర్త చొక్కా అంచు పట్టుకునే ఎక్కింది. విమానం తోటల మీదుగా లేచి కొండ వైపు తిరిగింది.

లాస్య షెడ్డుకు తాళం వేసింది. తాళం ‘బిగువే’ అంది. నాలుగడుగులు నడిచి, తలెత్తి చూసింది. విమానం పిట్టంత అయింది. అంత ఎత్తుకు చెయ్యి అందదు. వెనక్కి వచ్చి తాళం లాగింది.

“బిగువే అన్నాను కదా,” అంది తాళం.

“తెలుసులే,” అంది లాస్య. మళ్ళీ లాగింది.