వంతెన మీద నడిచే సైకిళ్లు

సాయంత్రం ఐదు కావస్తోంది. వంతెన మొదట్లో నిలబడి మిరపగింజ పెన్సిల్ కొరుకుతోంది. మనిషి చిన్నది, మాట ఘాటు. అందుకే క్లాసులో ఆమెకు ఆ పేరు.

"ఎన్నయ్యాయి?" అని పక్కనున్న రేడియోని అడిగింది. వాడూ అదే క్లాసు. నోటికి విశ్రాంతి ఉండదు, అందుకే వాడికి ఆ పేరు.

"గంటలో నాలుగు సైకిళ్లు. అందులో ఒకటి మా అన్నయ్యది. వాడి తొక్కుడు సర్కస్ కింద రాసుకో."

స్కూలు ముందు సైకిళ్లకు వేరే దారి ఉంది. దాని అంచున బారుగా స్తంభాలు. కార్లు అందులోకి రాలేవు. వంతెన దగ్గర ఆ దారి ఆగిపోతుంది. దాన్ని వంతెన మీదికి పొడిగించాలా వద్దా అని మునిసిపాలిటీ ఇంజనీరుగారు ఆలోచిస్తున్నారు. అక్కడ ఎంతమంది సైకిల్ తొక్కుతున్నారో లెక్క కావాలని టీచర్‌ని అడిగారు. టీచర్ ఆ పని వీళ్లిద్దరికీ అప్పజెప్పారు. కాగితం రేపు పొద్దున్నే వెళ్లాలి.

మిరపగింజ అడుగున రాసింది: 'నలుగురే. దారి అవసరం లేదు.'

అప్పుడే ఒక నర్సు స్తంభాల వెంబడి సైకిల్ మీద వచ్చింది. వంతెన రాగానే దిగి, నడిపించుకుంటూ కాలిబాట ఎక్కింది.

"పంచరా అక్కా?"

"కాదమ్మా."

"మరెందుకు దిగారు?"

పక్క నుంచి ఒక బస్సు దూసుకుపోయింది. నర్సు అది దాటేదాకా ఆగింది.

"ఇందాకటి దాకా నా పక్కన స్తంభాలున్నాయి. ఇక్కడ బస్సులున్నాయి. మా తమ్ముడు దిగేవాడు కాదు." కాసేపు హ్యాండిల్ వైపే చూసింది. "నేను దిగుతాను. అందుకని డ్యూటీకి పావుగంట ముందే బయల్దేరతాను."

"రోజూనా?"

"రోజూ. నేనొక్కదాన్నే కాదు, అటు చూడు."

కాలిబాట మీద ఒక ప్లంబరు, సైకిల్‌కి పైపులు కట్టుకుని నడుస్తున్నాడు. వెనక ఒక తాతగారు. ఆ వెనక ఇద్దరు అక్కచెల్లెళ్లు. అందరి చేతుల్లోనూ సైకిళ్లే.

"ఇలా నడిచేవాళ్లు ఇందాకటి నుంచీ పోతూనే ఉన్నారా?" అంది మిరపగింజ.

"ఆ. తొక్కేవాళ్లనే కదా లెక్కపెట్టమన్నారు" అన్నాడు రేడియో. వాడి గొంతు తగ్గింది.

మిరపగింజ తను రాసిన 'దారి అవసరం లేదు' అన్న మాట చెరిపేసింది. పక్కన కొత్త గడి గీసింది: 'దిగి నడిచేవాళ్లు.'

"మళ్లీ మొదటి నుంచా?" అన్నాడు రేడియో.

"ఇంకో గంట. నువ్వు లెక్కపెట్టు, నేను అడుగుతాను."

ప్లంబరుకి ఎదురెళ్లింది. "అన్నా, ఒక్క నిమిషం. ఎందుకు దిగారు?"

"రాసుకుంటావా? అయితే నెమ్మదిగా చెబుతా" అన్నాడతను, సైకిల్ స్టాండు వేస్తూ.

అతని జవాబు గడిలో పట్టలేదు. మిరపగింజ కాగితం వెనక్కి తిప్పింది.