పది మొక్కలకు పిడికెడు యూరియా

"ఓ మేడమ్! ఎవలను అడిగి కోస్తున్నవ్ గా ఆకులు?"

అమూల్యతో నేను మాట్లాడిన మొదటి మాట ఇది. గొప్పగా లేదు, ఒప్పుకుంటాను. కానీ మీరే చెప్పండి. వరి సగం పసుపెక్కి నేను తల పట్టుకుని ఉంటే, ఎవరో అమ్మాయి మోకాళ్ల దాకా బురదలో దిగి, కత్తెరతో ఆకులు కోసి చల్లటి పొగలు కక్కే మంచు డబ్బాలో వేసుకుంటుంటే చూస్తూ ఊరుకోవాలా?

ఆమె తలెత్తింది. చెంప మీద బురద చుక్క.

"మీ బాపును అడిగిన. అనుమానముంటే పోయి అడుగన్నా."

అన్నా! నా ఇరవై ఎనిమిదేళ్ల జీవితంలో ఆ పిలుపు అంత చేదుగా ఎప్పుడూ లేదు.

"నా పేరు వీరేందర్. అన్న గిన్న ఏమొద్దు."

"మంచిది వీరేందర్. జర జరుగు, నీ నీడ పడుతున్నది."

ఆమెది జనగామ. హైదరాబాద్‌లో నాలుగేళ్లుగా పీహెచ్‌డీ చేస్తోంది. మా మరిపెడ దిక్కు వరికి వచ్చిన తెగులు టుంగ్రో అట, పచ్చదోమ మోసుకొచ్చే వైరస్ అట. పది జబ్బు మొక్కలకు ఎర్ర రిబ్బన్లు, పది మంచి మొక్కలకు తెల్ల రిబ్బన్లు కట్టింది. పది రోజులకోసారి వచ్చి వాటి ఆకులు తీసుకుపోతుంది. అలా నాలుగుసార్లు తీస్తేనే లెక్క కుదురుతుందట.

రెండోసారి వచ్చినప్పుడు చినుకులు మొదలయ్యాయి. గొడుగు ఆమె మీద పట్టాలో డబ్బా మీద పట్టాలో తెలియక నేను తడిసిపోతున్నాను.

"గింత కష్టపడుతున్నవ్, ఆకులల్ల ఏముంటది?" అని అడిగాను.

"జీన్స్ చూస్తం. మీ ఇంట్ల స్విచ్చులుంటయ్ గద? వైరస్ అంటే చెప్పకుండ ఇంట్ల జొరబడ్డ మనిషి అనుకో. ఇల్లు నీదే, స్విచ్చులు నీయే. వాడొచ్చి కొన్ని ఆర్పుతడు, కొన్ని పొద్దంత ఏసే ఉంచుతడు. పచ్చదనమిచ్చే స్విచ్చులు ఆరితే ఆకు గిట్ల పసుపైతది. మొక్క కూడ ఊకోదు, కొట్లాడే స్విచ్చులు ఏస్తది. ఎప్పుడు ఏది ఆరింది, ఏది ఎలిగింది, గదే నా థీసిస్."

"చెప్పకుండ జొరబడుడు..." అన్నాను ఆమెనే చూస్తూ. "నాకు తెల్సు గా సంగతి."

"ఏం తెల్సు?"

"ఏం లేదు. తడుస్తున్నవ్, ఇటు జరుగు."

ఆమె జరిగింది. పెదాలు బిగించుకుని నవ్వు ఆపుకుంది, నేను చూశాను.

మూడోసారికి ఎర్ర రిబ్బన్ మొక్కలు బాగా కుంగిపోయాయి. "వీటికి ఏమీ ఎయ్యొద్దు, ముట్టొద్దు" అని నాతో మాట తీసుకుంది. బస్సెక్కే ముందు వాటి వైపు చూసి "పాపం" అంది. ఆ ఒక్క మాట నా కొంప ముంచింది.

ఆ వానాకాలం యూరియా దొరకడం గగనమైంది. పొద్దున్నే పోయి చెప్పులు లైన్లో పెట్టి, రెండు రోజులు నిలబడితే ఒక్క బస్తా దొరికింది. భుజాన వేసుకుని పొలానికి వచ్చాను. మడులన్నీ ఎదురుచూస్తుంటే నా చెయ్యి ముందు ఎటు పోయిందో చెప్పనా? ఎర్ర రిబ్బన్ల దగ్గరికి. పసుపెక్కిన వరి కనబడితే యూరియా వెయ్యడం మా చేతులకు పుట్టుకతో వచ్చిన అలవాటు. పైగా అవి ఆమె మొక్కలు. పది మొదళ్లకూ కలిపి పిడికెడు వేశాను. మాటిచ్చింది గుర్తుంది. పచ్చగా చూస్తే సంతోషపడుతుందిలే అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

నాలుగోసారి వచ్చి గట్టు మీది నుంచే కేకేసింది.

"వీరేందర్! ఇటు రా! జబ్బుండి కూడ తేరుకుంటున్నయ్ చూడు! కొట్లాడే జీన్స్ లేచినయ్ కావచ్చు! మా గైడ్ సార్‌కు ఇప్పుడే ఫోన్ చేస్త!"

సంతోషంలో నా చెయ్యి పట్టుకుంది. నేను యూరియా వేయడం ఎవరూ చూడలేదు. నోరు మూసుకుంటే ఆ చెయ్యి అలాగే ఉండేది. ఆమె మాత్రం లేనిది ఉందని నమ్మి, నాలుగేళ్ల కష్టం దాని మీద నిలబెట్టేది.

"ఫోన్ చెయ్యకు అమూల్యా. నేను యూరియా ఏసిన."

ఆమె చెయ్యి జారిపోయింది.

"ఎప్పుడు?"

"ఎనిమిది రోజులైంది."

"అన్నిటికా?"

"ఎర్రయిటికి. పదింటికీ."

"జబ్బు పోలే వీరేందర్. యూరియాకు జరంత రంగొచ్చింది, గంతే. ఇప్పుడు ఏ జీన్ వైరస్‌తోని మారిందో, ఏది యూరియాతోని మారిందో నేనెట్ల చెప్పాలె?" డబ్బా మూత దబ్బున మూసింది. "ఎందుకేసినవ్?"

"నువ్వు పాపం అన్నవ్."

ఏడుపు ఆపుకుంటూ డబ్బా సర్దుకుంది. వెనక్కి చూడకుండా బస్సెక్కింది.

తర్వాత నేను పంపిన మెసేజులన్నీ చూసింది, ఒక్కదానికీ జవాబివ్వలేదు. కోతలప్పుడు సగం పంటే చేతికొచ్చింది, అదీ నాకు పట్టలేదు. మా బాపు బాలనర్సయ్య ఒకరోజు అననే అన్నాడు.

"ఏందిరా, తెగులు వరికొస్తే నువ్వు పసుపైనవ్?"

మళ్లీ వానాకాలం వచ్చింది. నాట్లకు మడి చదును చేస్తుంటే గట్టు మీద అమూల్య నిలబడి ఉంది. చేతిలో మూడు రంగుల రిబ్బన్లు.

"నీలం రంగయి ఏంది?" అన్నాను. తొమ్మిది నెలల తర్వాత నా నోటికి దొరికిన మాట అదీ!

"జబ్బుండి యూరియా తిన్నయిటికి. సార్ మస్తు తిట్టిండు, ఏడాది ఎనుకబడ్డ. గని రైతులందరు చేసేది గదే గద, అప్పుడు జీన్స్ ఏం చేస్తయో గది కూడ చూడమన్నడు."

"మస్తు పొలాలున్నయ్. మళ్ల మా దగ్గరికే ఎందుకొచ్చినవ్?"

కాసేపు రిబ్బన్ చుట్టలు సర్దుకుంది.

"ఆ రోజు నువ్వు చెప్పకుంటే నేను అబద్ధం అచ్చేసుకుందును. నా చెయ్యి నీ చేతుల ఉన్నప్పుడు చెప్పినవ్, గది పోతదని తెల్సి కూడ. కోపం పెట్టుకుందామని గిన్ని నెలలు చూసిన. నాతోని కాలే."

"అమూల్యా, నువ్వంటే నాకు పానం."

"తెల్సు. నాకు కూడ. గని మొక్కలను మాత్రం ముట్టకు!"

ఎప్పుడు వచ్చాడో, పారతో బాపు వెనకాలే నిలబడి ఉన్నాడు.

"బిడ్డా, గిట్ల ఎన్ని దినాలు తిరుగుతవ్ బస్సులల్ల?"

"నాలుగు నెలలు బాపు."

"అటెనుక?"

అమూల్య నా వైపు చూసింది. ముఖం ఎర్రబడింది.

"అటెనుక మా నాయినను తోల్కొస్త. మీరు మీరు మాట్లాడుకోండ్రి."

బాపు పార నా చేతిలో పెట్టాడు. "మిగిలిన మడి నువ్వే చూసుకో. నేను మీ అవ్వకు చెప్పొస్త" అని, మోకాళ్ల నొప్పులన్నీ మరిచి గట్టు మీద పరుగందుకున్నాడు.