అప్పలనరస గీసిన దారి

మూడో మలుపు దగ్గర నూకరాజు చెయ్యి గోడ మీద వెతుక్కుంటూ ఆగిపోయింది. నడుమెత్తున రెండు గాట్లుండాలి, ఎడమకు తిరగమని. నల్లరాతి వరస మీద లేవు, దాని కింద పాలరాతి వరస మీదా లేవు. గోడంతా కొత్త పళ్ళెంలా నున్నగా ఉంది.

"ఎడమకు తిరగండి," అంది చెవిలోని దారిపలుకు యంత్రం. నూకరాజు దాన్ని పీకి జేబులో పడేశాడు. చెవిలో అదుండగా గోడలు తడుముకోవడం ఎందుకని ఎవరైనా అడిగితే ఆయనకు ఒళ్ళు మండుతుంది.

భీమిలి నుంచి ఓడపనికి వచ్చి, ఇటలీలోని జెనోవా రేవులో నలభై ఏళ్ళు తాళ్ళు లాగిన మనిషి. చూపు పోయాక భార్య అప్పలనరస ఆ ఊరిని ఆయన చేతికి నేర్పింది. మోచేతులు రెండు గోడలకూ ఆనేంత ఇరుకు సందులు. ఎనిమిది వందల ఏళ్ళుగా ఒకరి ఇంటి మీద మరొకరు లేపుకుంటూ పోయిన మేడలు. నడిచీ నడిచీ మధ్యలో గుంటలు పడ్డ మెట్లు. సంతకు వెళ్ళినప్పుడల్లా ఆవిడ సంచిలోంచి ఇనపమేకు తీసి, ఎవరి కంటా పడకుండా గోడ మీద గీసేది. ఒకటైతే తిన్నగా, రెండైతే ఎడమకు, మూడైతే కుడికి, నాలుగైతే మెట్లు. అయిదు గాట్లు తమ గుమ్మం పక్కన మాత్రమే ఉండేవి. ఇల్లొచ్చిందని అర్థం. ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఆ గాట్లను పట్టుకునే ఆయన బతుకుతున్నాడు.

ముందురోజే శిలావైద్యశాఖ వాళ్ళు ఈ వీధులకు ప్రాణసున్నం పట్టించారు. అందులో కంటికి కనబడని జీవులుంటాయి. పాత కొలతలు చూసుకుని పగులును పూడుస్తాయి, అరిగినచోట నింపుతాయి. ఇక ఏ గోడా కూలదని ఊరంతా సంబరపడింది.

నూకరాజు పొద్దు వాలాక గానీ ఇల్లు చేరలేదు. గుమ్మం పక్కన తడిమాడు. అక్కడా నున్నగానే ఉంది. మెట్టు మీద కూలబడి, ఎవరైనా చూస్తారన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చాడు.

చూసినవాళ్ళెవరో శాఖకు కబురు చేశారు. మర్నాడు హిమజ అనే తెలుగు ఉద్యోగిని వచ్చింది.

"మల్లీ గీసుకుంతానమ్మా. మేకు నాకాడే ఉంది," అన్నాడు నూకరాజు.

"పూట తిరక్కుండా పూడిపోతాయి తాతగారూ. అది గోడకు దెబ్బ కింద లెక్క."

"దెబ్బేటి తల్లీ! మా ఇంటిది గీసిందది."

హిమజ ఆయన పక్కన మెట్టు మీద కూర్చుంది. "పూడ్చిన ప్రతి దెబ్బకూ మా దగ్గర జాబితా ఉంటుంది. చదువుతాను, గుర్తుపెట్టుకుంటారా?"

సంత దారి చదివింది. రొట్టెల అంగడి దారి చదివింది. నూకరాజు తల ఊపుతూ విన్నాడు.

"ఇంకోటి ఉంది. మీ గుమ్మం నుంచి కుడికి."

"అటేపు మేమెప్పుడూ ఎల్లనేదు."

"రేవు దాకా ఉన్నాయి తాతగారూ. చివరివి లోతు లేవు. చేతిలో సత్తువ లేనప్పుడు గీసినట్టున్నాయి."

చూపు పోయిన రోజే ఆయన రేవుకు ఇక వెళ్ళనని ఒట్టేసుకున్నాడు. కనబడని సముద్రం నాకెందుకన్నాడు. అప్పలనరస ఊఁ అని ఊరుకుంది. ఊరుకుందనే ఇన్నాళ్ళూ అనుకున్నాడు.

ఇద్దరూ బయల్దేరారు. హిమజ అంకెలు చదువుతుంటే ఆయన నున్నటి గోడ మీద చెయ్యి వేస్తూ నడిచాడు. మూడు. ఒకటి. నాలుగు అనగానే కాలు మెట్టును వెతుక్కుంది. కమానుల కింద చేపల వాసన తగిలింది, తర్వాత ముఖానికి ఉప్పుగాలి. పాత కట్ట చివర, ఓడల తాళ్ళు చుట్టే రాతిదిమ్మె దగ్గర హిమజ ఆగింది. పనిచేసినంత కాలం ఆయన అన్నం తిన్నది దాని మీద కూర్చునే. క్యారేజీ తెచ్చేది అప్పలనరస.

"ఇక్కడెన్ని?"

"అయిదు," అంది హిమజ.

నూకరాజు రాయిని రెండు చేతులా తడిమి, దాని మీద కూర్చున్నాడు. చాలాసేపటికి జేబులోంచి మేకు తీసి, గీయడం మొదలుపెట్టాడు.

"పూడిపోతాయి తాతగారూ," అంది హిమజ.

"పూడిపోనీ తల్లీ," అన్నాడాయన. "రేపు మల్లీ వత్తాను గదా."