మేడ ముందు ఆగిన స్కూటర్

మలుపులో తాళం వేసిన మేడ ఒకటుంది. చీకటిపడ్డాక అటు వెళ్ళొద్దనేవాళ్ళే అంతా. లోపల ఎవరో నడుస్తారట... ఎదురుగా వచ్చిన బళ్ళు వాటంతటవే ఆగిపోతాయట. చూసినవాళ్ళు ఒక్కరూ లేరు గానీ, చెప్పేవాళ్ళకు కొదవలేదు.

కళ్ళజోళ్ళ షాపులో చూపు పరీక్షించే ఒకామె స్కూటర్ మాత్రం నిజంగానే ఆగేది. ఒక్క నెలలో ఐదుసార్లు ఆగింది. మేడ ముందు స్పీడ్‌బ్రేకర్ దగ్గర యాక్సిలరేటర్ వదిలితే చాలు — ఇంజన్ చప్పుడు హెచ్చి, తగ్గి, హెచ్చి... ఠక్కున ఆగిపోయేది. చెమటలు కక్కుతూ బండి తోసుకొచ్చిన ప్రతిసారీ భర్తది ఒకటే పాట, ఉద్యోగం మానెయ్యమని. ఇంకొక్కసారి ఆగితే మానేస్తానని ఆమె మాటిచ్చేసింది కూడా. ఇచ్చిన దగ్గర్నుంచీ ఆమెకు అన్నం సయించలేదు.

అందుకే ఆ సాయంత్రం మెకానిక్ అయిన ఆమె అన్నయ్య బండి వెనక సీటెక్కాడు. కార్బురేటర్ కడిగాడు, ప్లగ్ మార్చాడు, యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ ఆగకుండా ఆడేలా ఐడిలింగ్ సరిచేశాడు — ఇప్పటికి మూడుసార్లు. షెడ్డులో బుద్ధిమంతురాలిలా ఉండే బండి రెండ్రోజులకే మళ్ళీ మొదటికొచ్చేది. పాపం, తన చేతిపని మీద తనకే అనుమానం పుట్టింది.

మేడ వచ్చింది. ఆమె యాక్సిలరేటర్ వదిలింది. ఇంజన్ వణికింది... ఆగింది.

పైన కిటికీ రెక్క కిర్రుమంది. ఆమె అన్నయ్య చొక్కా పట్టుకుంది.

"గాలిలే," అన్నాడు మెల్లగా. "ఇంకెక్కడైనా ఆగుతుందా?"

"పొద్దున సిగ్నల్ దగ్గర ఆగుతుంది. అక్కడ దెయ్యం లేదుగా... ఎవరికీ చెప్పలేదు."

అతను టార్చి వేసి ఇంజన్ మీదికి వంగాడు. చాలాసేపు తలెత్తలేదు.

"ఐడిలింగ్ స్క్రూ మొన్ననే బిగించాను. ఇప్పుడు రెండు చుట్లు వదులుగా ఉంది. దానంతటది ఇంత తిరగదు. గాడి నిండా కొత్త గీతలు... నా స్క్రూడ్రైవర్‌వి కావు." గొంతు తగ్గించాడు. "నీ బండి ఎవరు ముట్టుకుంటారు?"

"ఎవరూ ముట్టుకోరు. ఆయన పొద్దున్నే తుడిచి పెడతారు, అంతే—"

మాట సగంలో ఉండగానే ఫోన్ మోగింది. భర్త. ఆమె ఇల్లు చేరే వేళ ఇంకా కాలేదు.

ఆమె నోరు తెరవకముందే అటునుంచి అడిగాడు — "మళ్ళీ అక్కడే ఆగిందా?"

ఆమె ఫోన్ పెట్టేసింది.

అన్నయ్య స్క్రూ బిగించి కిక్ కొట్టాడు. ఇంజన్ తొణక్కుండా నిలకడగా ఆడింది.

"పద, ఇంటికెళ్దాం."

ఆమె కదల్లేదు.

"కాసేపు ఇక్కడే ఉందాం అన్నయ్యా," అంది. "ఇక్కడ భయంగా లేదు."