రెండో గీత

ల్యాబ్ టెక్నీషియన్ అన్సెల్మోను పొడిచినవాళ్లు జేబులు వెతికారు గానీ నోరు వెతకలేదు. బుగ్గన దాచుకున్న కాగితం మీద మూడే మాటలు: 'ఒక లారీ నకిలీ.'

"విన్నావా, ఉడుమూ?" ఫోన్‌లో మేజర్ కబిగ్టింగ్. ఉడుము అంటే ఏజెంట్ దూలోకు పెట్టిన కోడ్‌నేమ్. "రెండు లారీల ఎలుక జ్వరం టెస్టు కిట్లు. తొమ్మిదికి మరికినా వరద శిబిరాలకు బయల్దేరతాయి. విదేశీ ముఠా ఒకదాంట్లో సరుకు మార్చేసింది. ఎవరి నెత్తురు వేసినా జబ్బు లేదనే చూపిస్తుంది. జబ్బు లేదంటే మందియ్యరు. కిడ్నీలు పోయి చస్తారు."

"రెండూ ఆపేద్దాం, సర్."

"మంత్రిగారు రిబ్బన్ కత్తిరిస్తున్నారయ్యా! ఒక్కటి ఆపడానికే ఆర్డరు."

దూలోకు నవ్వొచ్చింది. పిక్కలు పీకేస్తున్నాయి. ఎనిమిది రోజులుగా జ్వరం. మురుగుకాలువ కూలీ వేషంలో ముఠా వెంట నడుంలోతు నీళ్లలో తిరిగినందుకు దక్కిన బహుమానం. ఆఫీసు ఇచ్చిన కెమెరా వాచీ మొదటిరోజే నీళ్లు తాగి చచ్చింది. కట్టుకున్నవాడు ఇంకా చావలేదు, అంతే తేడా.

ఎనిమిదీ నలభైకి గోడౌన్ చేరాడు. మిరసోల్ ఎదురొచ్చింది. ముఠాలో ఉంటూ డిపార్ట్‌మెంటుకు కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్. ఎర్ర హైహీల్స్, చుట్టూ సెంటు వాసన.

"నీలం లారీ నకిలీది, కుయా." అన్నయ్యను పిలిచినంత ప్రేమగా పిలిచింది. "తొందరగా ఆపించు."

"అన్సెల్మోకీ ఇంత తియ్యగానే చెప్పావా?"

"నమ్మకపోతే నీ ఖర్మ."

దూలో నీలం లారీలోంచి రెండు కిట్లు, తెల్ల లారీలోంచి ఒకటి లాగాడు. వేలు పొడుచుకుని ఒక్కో లారీ కిట్ ఒకదాని మీద తన నెత్తుటి చుక్క వేశాడు. చటుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఏయ్! నాకెందుకు సూది?"

"వరదొచ్చాక ఒక్కసారైనా నీళ్లలో కాలు పెట్టావా?"

"నాకు కారుంది."

"అందుకే నీ నెత్తురు కావాలి."

నీలం లారీ రెండో కిట్‌లో ఆమె చుక్క పడింది. ఫలితానికి పదిహేను నిమిషాలు. మొదట మిరసోల్ ఎగతాళిగా నవ్వింది. తర్వాత మానేసింది. బయట బ్యాండు మోగింది. లారీలు స్టార్టయ్యాయి.

ఎనిమిదీ యాభైతొమ్మిది. తెల్ల లారీ కిట్‌లో అతడి నెత్తురుకు ఒకటే గీత. నీలం లారీ కిట్‌లో అదే నెత్తురుకు మొదటి గీత కింద రెండోది సన్నగా, ఎర్రగా తేలింది. అంటే జబ్బు ఉంది. ఆమె నెత్తురుకు అదే సరుకులో ఒకటే గీత. అంటే లేదు. రోగినీ ఆరోగ్యవంతురాలినీ విడగొట్టింది నీలం లారీ సరుకే.

"తెల్లది ఆపండి!"

బంపరు గేటు దాటబోతుండగా ఇనుపకడ్డీ అడ్డంగా దభీమని పడింది.

"కంగ్రాట్స్ కుయా, నీకు ఎలుక జ్వరం," అంది మిరసోల్, బేడీలు పడుతుంటే.

"అన్సెల్మో బతికుంటే ఏ లారీయో వాడే చెప్పేవాడు. సూది కూడా గుచ్చుకునేది కాదు."

పది గంటలకు స్కూల్లో పెట్టిన శిబిరంలో, ఎత్తైన మెట్ల మీద కూర్చున్న నర్సుకు ఆ రెండు గీతల స్ట్రిప్ చూపించాడు. ఆమె తలెత్తలేదు.

"బయట చేసింది చెల్లదు, కుయా. మళ్లీ చెయ్యాలి. లైన్లో నిలబడు."

"లైనెక్కడ?"

నర్సు పెన్నుతో చూపించింది. వీధి చివరిదాకా, మోకాల్లోతు వరద నీళ్లలో నిలబడి ఉంది లైను. దూలో ప్యాంటు పైకి మడుచుకున్నాడు.