చెవుల డబ్బాలో ఆడగొంతు

ఆ చెవుల ఆసుపత్రిలో గదులన్నీ మంచివే. వరండా చివర ఉన్న డబ్బా ఒక్కటే మంచిది కాదంటారు.

డబ్బా అంటే నిజంగా డబ్బానే. లోపల ఒక్క స్టూలు. గోడలకి బెత్తెడు మందాన మెత్తటి పలకలు. బీరువాకున్నంత బరువైన తలుపు, ఎదురుగా బయట కూర్చున్నవాళ్లు కనిపించే చిన్న అద్దం. తలుపు వేశారంటే బయట లారీ హారన్ కొట్టినా లోపలికి చిన్నమెత్తు చప్పుడు రాదు. వినికిడి పరీక్షకి వచ్చినవాళ్లని అందులో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక బటన్ ఇస్తారు. కూ... అని వినిపించినప్పుడల్లా నొక్కాలి. అంతే పరీక్ష.

అంత నిశ్శబ్దంగా ఉండే చోట — ఎవరో ఆడమనిషి గుసగుసలాడుతోందని గుప్పుమంది.

మొదట చెప్పింది ఒక బస్సు డ్రైవరు. ఇరవై ఏళ్లు బస్సు నడిపినవాడు, దేనికీ జంకని మనిషి. పరీక్ష మధ్యలో తలుపు తోసుకుని బయటపడ్డాడు. హెడ్‌ఫోన్లు తల మీదే ఉన్నాయి. ఊడిన వైరు వెనకాల ఈడ్చుకొస్తోంది.

"లోపల... ఎవరో ఉన్నారు."

"ఎవరండీ?"

"ఆడగొంతు. చెవిలో నోరు పెట్టి చెప్పింది... మిమ్మల్ని ఎవరో గమనిస్తున్నారు, అని."

ఆ తర్వాత వారం ఒక డ్రిల్లు మాస్టారు. ఆయన పారిపోలేదు. నవ్వుకుంటూ వచ్చాడు. "అభినందనలు, మీరే ఎంపికయ్యారు" అందట. దేనికి ఎంపికయ్యాడో చెప్పలేదట. పాపం, ఇంటికెళ్లి తలకి రంగేసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మర్నాడు మళ్లీ వచ్చాడు.

ఆ పై వారం ఒక లెక్చరరుగారు భార్యని వెంటబెట్టుకుని వచ్చారు. పరీక్ష అయిపోయినా ఆయన డబ్బాలోంచి లేవడే! "ఇంకోసారి పెట్టమ్మా, సరిగ్గా వినపడలేదు" అంటాడు. మూడుసార్లు పెట్టించుకున్నాడు. చివరికి భార్య హెడ్‌ఫోన్లు లాక్కుని తన చెవికి పెట్టుకుంది. "మీ దగ్గర్లోనే ఒంటరి ఆడవాళ్లు మీ కోసం ఎదురుచూస్తున్నారు..." అని సన్నగా, తీయగా వినిపించింది. ఆయన వినికిడి సంగతి ఆవిడ ఇంటికెళ్లాక తేలుస్తానంది.

నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, ఒక మనిషి పీకల మీదకి వచ్చింది. పరీక్ష పెట్టే అమ్మాయి మీదకి.

మెషిన్ చేత కూతలు వేయిస్తుంది కాబట్టి పేషెంట్లంతా ఆమెని కూతమ్మాయి అనేవాళ్లు. ఆరేళ్లుగా ఆ డబ్బా ముందు కంప్యూటర్ దగ్గర కూర్చుని పనిచేస్తోంది. కంప్యూటర్ చప్పుడంతా వైరు గుండా డబ్బాలోకే పోతుంది, బయట కూర్చున్న ఆమెకి ఏమీ వినపడదు. లోపలివాళ్లు గుసగుసలకి బెదిరి ఎక్కడపడితే అక్కడ బటన్ నొక్కేస్తున్నారు. కాగితం మీద చుక్కలన్నీ తప్పుచోట పడుతున్నాయి. రెండు చెవులూ సగానికి సగం పోయిన మిల్లు కార్మికుడికి భేషైన చెవులని కాగితం వచ్చింది. కొయ్యబారిపోయి ఒక్కసారి కూడా నొక్కని సంగీతం మాస్టారికి పూర్తి చెవుడని వచ్చింది. ఆయన ఆ కాగితం చూసి అక్కడే కూలబడ్డాడు.

"పిల్లా, నా మాట విని ఆ డబ్బా జోలికి పోకు," అంది టోకెన్లు ఇచ్చే ఆవిడ. ఈ కథ బయటికి పొక్కింది ఆవిడ నోటమ్మటే. "అక్కడ ఏదో ఉంది."

"పోకపోతే జీతం ఎవరిస్తారక్కా?"

పెద్ద డాక్టరుగారి దాకా వెళ్లింది వ్యవహారం. ఆయన గొంతు మామూలుగానే మూడు గదులు దాటి వినిపిస్తుంది. చెవిటివాళ్లతో అరిచి అరిచి అలా అయిపోయిందని అందరూ జాలిపడేవాళ్లు. క్రమశిక్షణ ఎక్కువ ఆయనకి. పక్కన నిలబడి మాట్లాడితే ఒప్పుకోడు. "ఎదురుగా నిలబడి, నా మొహం చూసి మాట్లాడు!" అంటాడు.

బుధవారం పొద్దున్న పదకొండింటికి ఆయనే స్వయంగా డబ్బాలో దూరి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, తలుపేసుకున్నాడు. పావుగంట కూర్చున్నాడు. వరండాలో అందరూ ఊపిరి బిగబట్టారు. బయటికొచ్చి కళ్లజోడు తుడుచుకుని—

"ఏమీ లేదు! గుసగుసా లేదు, గుడ్డూ లేదు. నేను కూర్చున్నానుగా? నిక్షేపంగా ఉంది."

ఆ తర్వాత కూతమ్మాయి వంక తిరిగాడు.

"పరీక్షలు తప్పు పెడుతున్నావు. అది కప్పిపుచ్చుకోవడానికి దెయ్యం కథ అల్లావు. శుక్రవారం లోపు నిజం చెప్పు. లేదంటే శనివారం నుంచి రానక్కర్లేదు. ఎందుకు పంపించానో నీ కాగితం మీద రాసి మరీ పంపిస్తాను."

అలా రాసిస్తే ఇంకే ఆసుపత్రిలో ఆమెని గుమ్మం ఎక్కనిస్తారు? తప్పుడు పరీక్షలు పెట్టిందన్న పేరు పడ్డాక ఆ చేతికి ఎవరు చెవి అప్పగిస్తారు? బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పేసి, ఎవరికీ వినపడకుండా ఏడ్చింది.

శుక్రవారం సాయంత్రం. అందరూ వెళ్లిపోయారు. టోకెన్లావిడ గుమ్మం దగ్గర ఆగి, "వచ్చేయవే" అని రెండుసార్లు పిలిచి, మూడోసారి పిలవకుండా గబగబా వెళ్లిపోయింది.

వరండాలో ఒక్కటే లైటు. కూతమ్మాయి డబ్బా తలుపు తెరిచింది. లోపలికి వెళ్లి లాక్కుంది. దబ్... మని మూసుకుంది.

లోకమంతా ఆగిపోయినట్టయింది. తన గుండె చప్పుడు తనకే వినిపిస్తోంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.

ఒక నిమిషం... ఏమీ లేదు.

ఇంతకుముందు కూడా రెండుసార్లు ఇలా కూర్చుంది. ఏమీ వినపడక లేచిపోయింది. ఈసారి తెల్లారినా సరే లేవకూడదనుకుంది.

ఐదు నిమిషాలు... పది... మెడ మీద చెమట చల్లగా జారుతోంది.

అప్పుడు — ఎవరో ఊపిరి పీల్చుకున్నారు. చెవి పక్కనే.

"మీరు... ఒంటరిగా లేరు."

ఆమె స్టూలు అంచు గట్టిగా పట్టుకుంది.

"మీ విషయాలన్నీ మాకు తెలుసు..." అంది గొంతు. "ఆలస్యం చేయకండి..."

అమ్మో, అని లేవబోయింది. అంతలో ఆ గొంతే, అంతే ఆప్యాయంగా—

"...ఈ ఆఫర్ ఇంకో పది నిమిషాలే. ఇప్పుడే నొక్కండి!"

కూతమ్మాయి స్టూలు మీద అలాగే ఉండిపోయింది. ఆఫర్లు ఇచ్చే దెయ్యం గురించి ఆమె ఎక్కడా వినలేదు. భయం జారిపోయి ఒళ్లు మండిపోయింది. హెడ్‌ఫోన్లు పీకి బయటికొచ్చి, కంప్యూటర్లు బాగుచేసే బావకి ఫోన్ చేసింది.

బావ అంటే అక్క మొగుడు. విషయమంతా విని అవతల పడీపడీ నవ్వాడు.

"నవ్వకు బావా! రేపట్నించి నా ఉద్యోగం లేదు ఇక్కడ."

"సరే సరే, నవ్వనులే మరదలా. ముందు చెప్పు, ఆ కంప్యూటర్ ఆపి ఎన్నాళ్లయింది?"

"ఆపడమా? ఆపం. ఆపితే పరీక్ష ప్రోగ్రాం మళ్లీ లేవడానికి ముప్పావుగంట పడుతుందని డాక్టరుగారు ఆపనివ్వరు. స్క్రీన్ ఒక్కటీ కట్టేసి వెళ్తాం. ఏడాది దాటింది."

"ఓరి నాయనో! ఆ ప్రోగ్రాం స్క్రీనంతా కమ్మేసి ఉంటుంది కదూ? దాన్ని కిందకి దించి, వెనకాల ఏముందో చూడు."

దించింది.

వెనకాల ఒకటా రెండా... బ్రౌజర్ కిటికీలు ఒకదాని మీద ఒకటి గుట్టపడి ఉన్నాయి. పళ్లు ఇకిలించే డాక్టర్లు, గిరగిర తిరిగే బహుమతి చక్రాలు, ఎర్రటి అక్షరాల్లో ప్రమాదం! ప్రమాదం! ఒంటరి ఆడవాళ్లు, వాళ్లందరిదీ ఒకటే మొహం. మూల నుంచి చిన్న చిన్న చీటీలు పైకి తేలుతున్నాయి, ఒకటి మూస్తే మూడు. ఏడాదిగా తన వెనకే కాపురం పెట్టిన సంత మొత్తం ఆమె ఎదట నిలబడింది.

"దిక్కుమాలిన సంత!"

"వాటిని నొక్కకు. మూసే గుర్తని చూపించేది కూడా నొక్కకు, అదీ ఉచ్చే. బ్రౌజర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లు. నోటిఫికేషన్లు అని ఉంటుంది. అనుమతి ఉన్న సైట్ల పట్టిక కనిపిస్తుంది."

"రెండొందల పదమూడు ఉన్నాయి బావా."

"శభాష్. అన్నీ తీసెయ్. ఇక మీదట ఎవరూ అడక్కూడదని కూడా పెట్టు. ఆ తర్వాత ఎక్స్‌టెన్షన్లు చూడు, నువ్వు పెట్టుకోనివన్నీ పీకెయ్. ఈమధ్య ఎక్కిన ప్రోగ్రాంలు ఉంటే అవీ పీకి, ఒకసారి స్కాన్ చెయ్. ఆఖరున ఆపి, మళ్లీ వెయ్. ముప్పావుగంట పడితే పడనీ."

ఒక్కొక్కటే తీసేసింది. ఉచిత సినిమాలు పోయాయి. రాశిఫలాలు పోయాయి. బట్టతల మీద మూడు వారాల్లో జుట్టు పోయింది. ఇల్లు దులిపినంత హాయిగా ఉంది ప్రాణానికి.

"బావా... వీటిని ఎవరు పిలిచారు?"

"దెయ్యమైనా ఎవరో ఒకరు తలుపు తీయందే లోపలికి రాదు మరదలా. అనుమతించమంటారా అని అడిగితే ఎవరో సరే సరే అని నొక్కుతూ పోయారు. హిస్టరీలో ఉంటుంది, ఏది ఎప్పుడు తెరిచారో నిమిషాలతో సహా."

చూసింది. పగటివన్నీ చీటీలు వాటంతటవే తెరుచుకున్నవి. ఎవరో వెతికినవి మాత్రం అన్నీ రాత్రి ఎనిమిది తర్వాతే. ఆ వేళప్పుడు ఆ భవనంలో ఉండేది ఒక్కడే మనిషి. ఏం వెతికాడో కూడా ఉంది. బయటికి కనపడని వినికిడి మెషిన్లు... బఠాణీ గింజంత మెషిన్లు... ఇంకా చిన్నవి. చెవుల డాక్టరు చెవి మెషిన్లు కాక ఇంకేం చూస్తాడు? పేషెంట్ల కోసం వెతికి ఉంటాడనుకుంది. ఆ వెతుకులాటలో అడ్డొచ్చిన ప్రతి చీటీకీ సరేనన్నాడు. నింద మాత్రం తన నెత్తిన రుద్దాడు.

ఫోన్ పెట్టేసింది. ఆ హిస్టరీని ప్రింటు తీసింది. కంప్యూటర్ ఆపి మళ్లీ వేసింది. ప్రోగ్రాం నింపాదిగా లేచేసరికి ఎనిమిదిన్నర. సరిగ్గా అప్పుడు... వరండాలో చెప్పుల చప్పుడు.

"ఇంకా ఇక్కడేం చేస్తున్నావు?"

పెద్ద డాక్టరుగారు. కూతమ్మాయి లేచి, ఎదురుగా నిలబడి, ఆయన మొహం చూస్తూ అంతా చెప్పింది. దెయ్యం ఎలా వచ్చిందో, ఎలా పోయిందో. ఎవరు పిలిచారో మాత్రం నోటితో అనకుండా కాగితం చేతికిచ్చింది. డాక్టరుగారి చెవులు ఎర్రబడ్డాయి.

"ఇదంతా నువ్వు పుట్టించిన గోల. నేను లోపల కూర్చున్నప్పుడు ఒక్క ముక్క లేదు. ఉంటే నాకు వినపడదా?"

ఆమె చూపు కిందికి జారింది. కాగితం అంచు ఆయన చేతిలోంచి కనిపిస్తోంది. బుధవారం. పదకొండూ నాలుగు. పదకొండూ ఏడు. పదకొండూ తొమ్మిది. పదకొండూ పన్నెండు. ఆయన డబ్బాలో కూర్చున్న పావుగంటలో ఆ గొంతు నాలుగుసార్లు మాట్లాడింది.

"సార్," అంది నెమ్మదిగా, "డబ్బా బాగుపడిందని మీరే తేల్చండి. ఒక్కసారి పరీక్ష చేయించుకోండి. మీరు సంతకం పెడితే రేపు పేషెంట్లని పిలుస్తాను. లేదంటే రేపు నేను రాను."

కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఆయన డబ్బాలోకి వెళ్లాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. దబ్... మని తలుపు పడింది.

కూతని ఇరవై డెసిబెల్స్‌లో పెట్టింది. ఇరవై అంటే గుసగుసకన్నా చిన్నది. మౌస్ నొక్కింది. లోపల ఆయన వెంటనే బటన్ నొక్కాడు. మళ్లీ వేసింది. మళ్లీ నొక్కాడు. పదిహేను. నొక్కాడు. ఐదు. అదీ నొక్కాడు, చిరునవ్వుతో. పదేళ్ల పిల్లలకి కూడా అంత మంచి చెవులు ఉండవు. తనది ఒట్టి అనుమానమేనని ఆమె తేలిగ్గా ఊపిరి వదిలింది.

అప్పుడు చూసింది. ఆయన కళ్లు అద్దంలోంచి ఆమె మొహం మీద లేవు. మౌస్ మీదున్న ఆమె వేలి మీద ఉన్నాయి.

కూతమ్మాయి మౌస్ తీసి ఒళ్లో పెట్టుకుంది, బల్ల కింద, ఆయనకి కనపడకుండా.

ఇరవై. ఆయన బొటనవేలు బటన్ మీద సిద్ధంగా ఉంది. కదల్లేదు.

ముప్పై. నలభై.

యాభై.

దెయ్యం పోయాక ఆ డబ్బాని చూసి ఆమెకి మొట్టమొదటిసారి నిజంగా భయం వేసింది. కోపం రావాల్సింది. రాలేదు. రేపు వందమంది చెవుల సంగతి తేల్చాల్సిన మనిషి, మొహం చూసి మాట్లాడమని అందర్నీ గద్దించే మనిషి, అద్దం అవతల బుద్ధిగా ఎదురుచూస్తున్నాడు.

అరవై. పక్కన కూర్చున్న మనిషి మాట్లాడినంత.

డెబ్భై.

ఎనభైకి పెంచి నొక్కింది. ఎనభై అంటే అలారం గడియారం చెవికి ఆనించి మోగించినంత. కూత అలా మోగుతూనే ఉంది.

బల్ల మీది చిన్న స్పీకర్ గరగరలాడింది. లోపల్నించి ఆయన గొంతు వచ్చింది, కాస్త విసుగ్గా—

"ఏమ్మాయ్... ఇంకా మొదలుపెట్టలేదా?"